ఆమేన్ అనేలోగా పోయిన గాలం

జీవితంలో నేను మునిగిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కానీ పడవ చక్కగా తేలుతూ ఉండగా, అందులో కూర్చున్న నేను మాత్రం మునిగిపోయింది ఒక్కసారే. నిండా మునిగినవాడికి చలి ఉండదని మన పెద్దలన్నారు. పాపం, వాళ్లెవరూ బ్రిటిష్ కొలంబియా వచ్చినట్టు లేరు.

అప్పట్లో మనవాళ్లు చదువుల పేరుతో కెనడాకి వరదలా వచ్చిపడుతున్నారు. ఆ వరదలో కొట్టుకొచ్చిన ఏడుగురం సర్రీ అనే ఊళ్లో ఒక బేస్‌మెంట్‌లో తేలాం. ఏడుగురికీ ఒకటే బాత్రూమ్, దాని తలుపు మీద టైమ్‌టేబుల్. నా చదువైపోయింది, వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగం మాత్రం పిజ్జా అట్టపెట్టెలు మడవడం. ఆ పని నేను బాగానే చేసేవాణ్ణి గానీ, పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, ఇచ్చేవాళ్లు దాన్ని స్కిల్డ్ అనుభవం అనరు. పర్మిట్‌లో మిగిలింది పధ్నాలుగు నెలలు. పీఆర్‌కి కావాల్సిన ఆఫీసు అనుభవం పన్నెండు నెలలు. అంటే రెండు నెలల్లో మంచి ఉద్యోగం రాకపోతే సూట్‌కేసు సర్దుకోవడమే. మీరు ఈ లెక్క ఒక్కసారి చదివారు, నేను రోజూ పళ్లు తోముకుంటూ చదువుకునేవాణ్ణి.

రెజ్యూమె రాయడంలో మాకు గురువు సుధీరన్న. వరంగల్ మనిషి, మాకంటే రెండేళ్లు సీనియర్.

"అన్నా, హాబీస్ దగ్గర క్రికెట్ అని రాయనా?" అని అడిగాను.

"క్రికెట్ రాస్తే పక్కన పెడ్తరు తమ్మీ. ఈడోళ్లు చేసేటియి రాయాలె. నాది పంపిస్త, కాపీ కొట్టుకో. పేరు మాత్రం మార్చు, మర్చిపోకు."

పేరు మార్చాను. అదొక్కటే మార్చాను. చివరి లైన్లో సుధీరన్న హాబీ అలాగే ఉండిపోయింది. చిన్న పడవలో, సాదా సామానుతో, ట్రోలింగ్ పద్ధతిలో కొకనీ సాల్మన్ చేపల వేట. ఈ హాబీ ఆయనదీ కాదు. గ్యాస్ స్టేషన్‌లో ఆయనతో పనిచేసిన ఒక కెనడియన్ తాతది. చేతులు మారుతూ నా దాకా వచ్చింది. కొకనీ అంటే చేప అని కూడా నాకు ఆ వాక్యం చదివాకే తెలిసింది.

ఆ రెజ్యూమెకి ఒకే ఒక్క కంపెనీ జవాబిచ్చింది. ఆసుపత్రులకి సామాను సరఫరా చేసే కంపెనీ, ఐటీ సపోర్ట్ ఉద్యోగం. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేసిన మేనేజరు దేవదానం గారు. బాపట్లాయన, పాతికేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు, సర్రీలో తెలుగు చర్చికి పెద్ద. నెట్‌వర్క్ గురించి రెండు ప్రశ్నలు అడిగి, కాగితం చివరికొచ్చి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"రాజమండ్రి అండి."

"ఓహో! గోదావరి కుర్రాడివన్నమాట. కొకనీకి తరచూ వెళ్తుంటావా?"

"వీలు చిక్కినప్పుడల్లా అండి."

"గాలం ఎంత లోతులో వదుల్తావు?"

"చేప ఎంత లోతులో ఉంటే అంత లోతులోనండి."

ఆయన ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ పన్నెండు నెలలు, పధ్నాలుగు నెలలు అనే ఆ రెండు లెక్కలు అడ్డం వచ్చాయి. నాకూ గోదావరికీ ఉన్న చుట్టరికమల్లా, రైలు బ్రిడ్జి మీదకి రాగానే కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకోవడం. పులస మాటంటారా, పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, ఉద్యోగం కోసం పట్టాలని ఎవరూ అనలేదు.

"చివరికి ఇద్దరు మిగిలారు సతీష్. సోమవారం తేల్చి చెప్తాను. ఈలోగా శనివారం నా పడవలో వెళ్దాం రా. సాయంత్రం మా ఇంట్లో ప్రేయర్ గ్రూప్ ఉంది, నాలుగు కుటుంబాలొస్తాయి. మీ ఆంటీ చేపల పులుసు పెడతానంది."

పెట్టడానికి చేపలెక్కడివని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

శుక్రవారం పనికి వెళ్తూ స్కైట్రైన్‌లో కొకనీ వేట గురించి ఒక వీడియో పెట్టుకున్నాను. అందులో పెద్దమనిషి మొదటి ఐదు నిమిషాలు తన టోపీ ఎక్కడ కొన్నాడో చెప్పాడు. ఆరో నిమిషంలో నా స్టేషన్ వచ్చింది. నా శిక్షణ అక్కడితో పూర్తయింది.

శనివారం తెల్లవారగానే హోప్ అనే ఊరి వైపు వెళ్లే హైవే పట్టుకుని, కొండల మధ్య ఒక లేక్‌కి చేరాం. దేవదానం గారి పడవ అల్యూమినియంది, మన పెళ్లి వంటల గుండిగ కన్నా కొంచెం పొడుగు. వెనక బ్యాటరీతో నడిచే చిన్న మోటారు, రెండు తెడ్లు, రెండు గాలం రాడ్లు, ఒక వల బుట్ట. ఒక్కో రాడ్ దారానికి మెరిసే రేకు, ఆ రేకు వెనక జానెడు దూరంలో పూసలు గుచ్చిన చిన్న కొక్కెం. రేకు నీళ్లలో ఊగుతూ చేపకి కోపం తెప్పిస్తుందట, కోపంలో అది కొక్కేన్ని కరుస్తుందట. ఇదంతా నాకిప్పుడు తెలుసు. ఆరోజు మాత్రం ఆ రేకు చూసి, ఈయన గరిటె విరిగిపోయినా పారేయని పొదుపరి అనుకున్నాను.

పడవ ఒడ్డు దాటగానే ఆయన ఒక చిన్న డబ్బా నా చేతికిచ్చి, "తీసుకో బాబూ" అన్నారు. మూత తీస్తే గులాబీ రంగు మొక్కజొన్న గింజలు, ఘాటుగా వెల్లుల్లి వాసన. పెద్దవాళ్లు పెట్టింది వద్దనకూడదని మా ఇంట్లో నేర్పారు. ఆంటీ ఏదో కొత్తరకం టిఫిన్ చేశారనుకుని గుప్పెడు నోట్లో వేసుకున్నాను.

దేవదానం గారు మోటారు వదిలేసి నా వైపు చూశారు. "అది ఎర కదా?"

నోట్లో గింజలున్నాయి, ఎదురుగా ఉద్యోగం ఉంది. నమిలి మింగి అన్నాను, "ఎర రుచి చూడకుండా కొక్కేనికి గుచ్చకూడదండి. మా గోదావరి పద్ధతి."

"అలాగా!" అని ఆయన కూడా ఒక గింజ తీసుకుని భక్తిగా నమిలారు. కాసేపు ఆలోచించి, "ఉప్పు తగ్గిందంటావా?" అని అడిగారు.

"చేపలకి ఈమాత్రం చాలండి."

పాఠకులు నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ క్షణాన నాకు నవ్వు రాలేదు, వెల్లుల్లి వచ్చింది.

ట్రోలింగ్ అంటే గాలం వేసి కూర్చోవడం కాదు. గాలాలు వెనక నీళ్లలో వదిలి, పడవని మనిషి షికారు నడకంత మెల్లగా పోనిస్తూ లాక్కెళ్లాలి. ఈ ఒక్క ముక్క ఆ టోపీ పెద్దమనిషి మొదట్లోనే చెప్పి ఉంటే నా చరిత్ర వేరుగా ఉండేది.

"స్పీడ్ ఎంత పెట్టమంటావు?" అన్నారు దేవదానం గారు.

"ఎంత దాకా ఉందండీ?"

"ఒకటి నుంచి ఐదు."

"ఐదు పెట్టండి. చేప మనని దాటిపోకూడదు."

ఐదు పెట్టారు. మా గాలాలు నీళ్లలో మునగడం మానేసి పైపైన గెంతుకుంటూ మా వెంట పడ్డాయి. రేకులు టపటపలాడుతుంటే బాతులు బెదిరి లేచిపోయాయి. కొంచెం దూరంలో ఇంకో చిన్న పడవలో ఒంటరిగా ఒక తెల్లగడ్డం ముసలాయన ఉన్నాడు. ఆయన అరచెయ్యి కిందికి తిప్పి, మెల్లగా, మెల్లగా అన్నట్టు ఊపాడు.

"ఏమంటున్నాడు?" అన్నారు దేవదానం గారు.

"పలకరిస్తున్నాడండి."

మేమిద్దరం చేతులూపి, అదే వేగంతో ఆయన పక్కనుంచి దూసుకుపోయాం. అలా లేక్ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాం. గాలానికి ఒక నాచు ముక్క కూడా తగల్లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను మొదట ఎండని తిట్టాను, తర్వాత మబ్బుని తిట్టాను. నాలుగో ప్రదక్షిణలో బ్యాటరీకి నీరసం వచ్చింది. ఐదు మీద పెట్టినా పడవ పిల్లలకోడిలా నడుస్తోంది. దేవదానం గారు వాచీ చూసుకున్నారు.

"సతీష్, సాయంత్రానికి నాలుగు కుటుంబాలొస్తున్నాయి. ప్రార్థన చేసుకుందాం."

నేను ఆయన మతం కాదు. అందుకే మరీ జాగ్రత్తగా ఉన్నాను. టోపీ తీశాను, చేతులు జోడించాను, కళ్లు గట్టిగా మూసుకున్నాను. చర్చి పెద్ద ప్రార్థన చేస్తుంటే ఆమేన్ అనేదాకా కళ్లు తెరవకూడదనీ, మధ్యలో మాట్లాడకూడదనీ నాకు తెలుసు. నా రాడ్ పక్కన పడవ అంచుకి ఆనించి ఉంది. మోటారు మెల్లగా నడుస్తూనే ఉంది.

"ప్రేమగల తండ్రీ," అని మొదలుపెట్టారు. లేక్ కోసం, కొండల కోసం దేవుడికి వందనాలు చెప్పారు. చర్చి భవనం పైకప్పు గురించి అడిగారు. వాళ్లబ్బాయి పరీక్షల గురించి అడిగారు. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. "తండ్రీ, ఈ యౌవనస్థుణ్ణి జ్ఞాపకం చేసుకో. పరాయి దేశంలో ఉద్యోగం కోసం కష్టపడుతున్నాడు. నీ చిత్తమైతే..."

నిజం చెప్తున్నాను, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటి నుంచి వచ్చాక నా కోసం ఎవరైనా పైకి దేవుణ్ణి అడగడం అదే మొదటిసారి. తుడుచుకుందామని ఒక కన్ను కొంచెం తెరిచాను. ఎదురుగా నా రాడ్ కొన తల ఊపుతోంది.

ముందు అవునన్నట్టు ఊగింది. తర్వాత నమస్కారం పెట్టినట్టు నీళ్ల మీదికి వంగింది. చేప! ఆరోజుకి మొదటి చేప! చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఆయన సరిగ్గా నా ఉద్యోగం దగ్గరే ఉన్నారు. నా ఉద్యోగం గురించి దేవుడితో మాట్లాడుతున్న మేనేజరుని "అంకుల్, ఒక్క నిమిషం" అని ఆపడం ఎలా? మీరైతే ఆపుతారా? నేను తెరిచిన కన్ను మళ్లీ మూసుకున్నాను.

"అలాగే తండ్రీ, నీ కుమార్తె సుగుణ మోకాళ్లను ముట్టి స్వస్థపరచుము..."

పడవ అంచు మీద ఏదో గీసుకున్న చప్పుడు. తర్వాత బుడుంగుమని చిన్న శబ్దం. తర్వాత ప్రశాంతత.

"ఆమేన్," అన్నారు దేవదానం గారు.

"ఆమేన్," అన్నాను, అవసరమైనదానికంటే గట్టిగా.

ఆయన కళ్లు తెరిచి అటూ ఇటూ చూశారు. "ఇక్కడ ఇంకో రాడ్ ఉండాలి కదా?"

"ఉండేదండి."

"ఏమైంది?"

"చేప పట్టుకెళ్లిందండి."

"ఎప్పుడు?"

"మోకాళ్ల దగ్గరండి."

"ఎవరి మోకాళ్లు?"

"ఆంటీగారివండి. మొదలైంది మాత్రం నా ఉద్యోగం దగ్గరే."

ఆయన మెల్లగా రెండో రాడ్ నా చేతిలో పెట్టారు. పడవ ఆ నీరసపు నడకతోనే పోతోంది. రెండు నిమిషాలు కాలేదు, రాడ్ మళ్లీ వణికింది. పోయిన పరువు తిరిగొచ్చే సమయం వచ్చిందని లేచి నిలబడి, బావిలోంచి చేద తోడినట్టు రెండు చేతులా ఒక్క గుంజు గుంజాను.

కొకనీకి మూతి మెత్తన. మెత్తగా తిప్పుకుంటూ, పడవ దాకా రప్పించుకుని, కింద వల పెట్టి ఎత్తుకోవాలి. నా గుంజుడికి కొక్కెం గాల్లో గిరికీ కొట్టి వచ్చి దేవదానం గారి టోపీకి తగిలింది. దానికి చేప లేదు. చేప పెదవి మాత్రం చిన్న ముక్క ఉంది.

ఆయన టోపీ తీసి, ఆ పెదవిని చాలాసేపు చూశారు. "ఇది కూడా మీ గోదావరి పద్ధతేనా?"

ఇక నావల్ల కాలేదు. "అంకుల్, నాకు చేపలు పట్టడం రాదండి. ఎప్పుడూ పట్టలేదు. రెజ్యూమె మా సీనియర్‌ది. పేరొక్కటే నాది."

"అనుకున్నాను," అన్నారాయన. "అదే వాక్యం ఇంకో ముగ్గురి రెజ్యూమెల్లో ఉంది. సర్రీలో తెలుగు పిల్లలంతా జాలర్లేనా అని ఆశ్చర్యపోయా. నీది రాజమండ్రి కాబట్టి నిన్ను నమ్మా."

"మరి మీకు తెలియాలి కదండీ, నేను చేసేది తప్పని?"

దేవదానం గారు నీళ్ల వైపు చూశారు. "నాకెలా తెలుస్తుంది? పడవ కొని రెండేళ్లయింది. ఒక్క చేప పడలేదు. నేర్పే మనిషి దొరికాడనే కదా నిన్ను పిలిచింది."

అంత పెద్ద లేక్ మధ్యలో, ఏమీ రాని ఇద్దరు తెలుగువాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సరిగ్గా అప్పుడు బ్యాటరీ పూర్తిగా ఆగిపోయింది.

తెడ్లు నేను వేశాను. ఆయన ఎదురుగా కూర్చుని ఒడ్డు వచ్చేదాకా అబద్ధం గురించి బోధించారు. చిన్న అబద్ధం పెద్ద అబద్ధానికి తలుపు తీస్తుందన్నారు. రెజ్యూమెలో అబద్ధం రాసినవాడు రేపు ఆఫీసులో కంప్యూటర్ బాగుచేయకుండానే చేశానంటాడన్నారు. "కోపంతో కాదు, నీ మంచికోరి చెప్తున్నా. ఇలాంటివాణ్ణి నేను ఎలా తీసుకోను, నువ్వే చెప్పు?" నా పధ్నాలుగు నెలలూ ఒక్కో తెడ్డుకీ ఒక్కొక్కటిగా వెనక్కి పోతున్నట్టనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది, చెమటలో కలిసిపోయింది కాబట్టి బయటపడలేదు.

ఒడ్డున ఆ తెల్లగడ్డం ముసలాయన తన సామాను సర్దుకుంటున్నాడు. మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు.

"మీరు కళ్లు మూసుకున్న ఆ పది నిమిషాలే మీ పడవ సరైన స్పీడ్‌లో వెళ్లింది," అన్నాడు. "అదేం పద్ధతో గానీ, చాలా మంచిది. రోజంతా చేయండి."

మా ఖాళీ బుట్ట చూసి జాలిపడి, "నాకివి ఎక్కువ" అని ఒక సంచీ దేవదానం గారి చేతికిచ్చి వెళ్లిపోయాడు. లోపల మంచు ముక్కల మధ్య వెండిలా మెరుస్తూ నాలుగు కొకనీలు.

కారులో సంచీ మా ఇద్దరి మధ్య, గేర్ పక్కన కూర్చుంది. సర్రీ దగ్గర పడ్డాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"సతీష్, చేపల గురించి మనమేమీ చెప్పొద్దు."

"అడిగితేనండీ?"

"అడగరు."

ఇల్లు చేరేసరికి హాలు నిండా జనం. సుగుణ ఆంటీ వంటింట్లో చింతపండు పులుసు పిండి, ఉల్లిపాయలు వేయించి సిద్ధంగా ఉన్నారు. మచిలీపట్నం మనిషి. సంచీ అందుకోగానే అడిగారు, "రెండేళ్లకి దేవుడు కరుణించాడే! ఎవరు పట్టారు?"

హాలంతా మా వైపు తిరిగింది. దేవదానం గారు గుమ్మడికాయల దొంగలా రెండు భుజాలూ తడుముకున్నారు. తర్వాత నా భుజం తట్టారు.

"గోదావరి కుర్రాడు కదా," అన్నారు.

నాలుగు కుటుంబాలూ చప్పట్లు కొట్టాయి. నేను ఆయన మొహం చూశాను. పడవలో రెండు గంటలు సత్యం గురించి చెప్పిన మొహం. ఇప్పుడు అది "బాబూ, ఏమీ అనకు" అని బతిమాలుతోంది.

"నిజంగా నువ్వే పట్టావా బాబూ?" అన్నారు ఆంటీ.

అవునంటే అబద్ధం. కాదంటే చర్చి పెద్ద పరువూ, నా ఉద్యోగమూ రెండూ పోతాయి. "ఆంటీ, పడవ అంకుల్‌ది, ఎర అంకుల్‌ది, ప్రార్థన అంకుల్‌ది. నేను ఊరికే కూర్చున్నానండి," అన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు, కావాలంటే మళ్లీ చదవండి.

ఆంటీ తల ఊపి, కత్తి తీసుకుని, ఒక చేపని పళ్లెంలో వెల్లకిలా తిప్పారు. కత్తి పక్కన పెట్టేశారు. రెండో చేపని తిప్పారు. మూడోదాన్నీ, నాలుగోదాన్నీ కూడా తిప్పి చూశారు.

"మీ గోదావరి సంగతి నాకు తెలీదు బాబూ," అన్నారు మెల్లగా. "మా బందరు సముద్రంలో చేపలు పొట్ట కోయించుకుని, పేగులు తీయించుకుని, శుభ్రంగా కడుక్కుని గాలానికి రావు."

నేనూ దేవదానం గారూ ఒకేసారి పళ్లెంలోకి తొంగి చూశాం. ముసలాయన ఒడ్డు మీదే బాగుచేసి ఇచ్చాడని మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. పొట్టలో ఏముండాలో తెలిసినవాడికి కదా, లేదని తెలిసేది.

దేవదానం గారు తల వంచుకుని, "అబద్ధం నాది సుగుణా. ఈ కుర్రాడు పడవలోనే నాకు నిజం చెప్పేశాడు. నేనే ఇంటికొచ్చి చెప్పలేకపోయా," అన్నారు. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమైందో నాకు కనిపించింది. అప్పటికి ఆయన మీద నాకున్న భయమంతా పోయి ఇష్టం మిగిలింది.

ఆంటీ ఉల్లిపాయలు కలుపుతూ అన్నారు. "మీ ఇద్దరికీ చేపలు పట్టడం రాదు, అబద్ధం చెప్పడమూ రాదు. ఇలాంటివాళ్లు విడివిడిగా ఉంటే ప్రమాదం. ఒకే ఆఫీసులో ఉండండి, ఒకళ్లనొకళ్లు కనిపెట్టుకుని."

సోమవారం ఉద్యోగం వచ్చింది. హాబీ లైను కొట్టేసి రెజ్యూమె మళ్లీ పంపించమన్నారు, పంపించాను. పులుసు మాత్రం చాలా బాగుంది.

ఇందుమూలంగా యావన్మంది పాఠకులకూ, సర్రీలో నాతో బాత్రూమ్ పంచుకున్న ఆరుగురు మిత్రులకూ తెలియజేయునదేమనగా, ఆనాటి నుంచి నేను బుద్ధిగా మారిపోయాను. తెలియని విద్య తెలుసునని చెప్పను. ఇతరుల హాబీల జోలికి పోను. అబద్ధమన్నది ఈ జన్మలో ఆడను. ఒకవేళ ఎప్పుడైనా ఆడక తప్పకపోతే, ముందు చేప పొట్ట విప్పి చూసుకుని మరీ ఆడతానని మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను.